అదే ధరకు

కోర్టు భవనం గోడల మరమ్మతుకు టెండర్లు తెరిచే రోజున మార్లిస్ డెనర్ చనిపోయిన తండ్రి కోటు వేసుకుని వచ్చింది. భుజాల దగ్గర వదులుగా ఉంది. అయినా అదే వేసుకుంది.

పక్కన కూర్చున్న తమ్ముడు రస్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు.

"అక్కా, ఇప్పటికైనా చెప్పు. ఎంతకు వేశావ్?"

"కవరు చింపాక నువ్వే వింటావుగా."

"ఈ పని కూడా పోతే మన యార్డుకు తాళం వెయ్యాలి. గుర్తుందా?"

"గుర్తుంది" అంది మార్లిస్. ఆమె చూపు మాత్రం ఎదురు బెంచీలో కాళ్లు బారచాపుకుని కూర్చున్న గార్త్ పెల్టన్ మీదే ఉంది.

అతన్ని చూస్తేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. మండదా మరి! అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఈ కౌంటీలో, అంటే జిల్లాలో, సగం వంతెనలూ బడి గోడలూ కట్టింది మార్లిస్ తండ్రే. ఆయన కంపెనీ యార్డు ఏటికి అవతలి గట్టున ఉంది. ఏరే కౌంటీకి సరిహద్దు కాబట్టి, కాగితం మీద డెనర్లు బయటివాళ్లే. ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు, పెల్టన్ కౌంటీని నడిపే కమిషనర్ల చుట్టూ తిరిగి, కడుపునిండా తినిపించి, కొత్త నిబంధన ఒకటి రాయించేదాకా. టెండర్లో తక్కువ ధర బయటివాళ్లదైనా సరే, అదే ధరకు తాను చేస్తానని స్థానిక కాంట్రాక్టర్ అంటే చాలు, పని అతనిదే.

అప్పట్నుంచీ పెల్టన్ లెక్కలు కట్టడమే మానేశాడు. పని జరిగే చోటికి పోయి చూసేవాడూ కాదు. నోటికొచ్చిన అంకె కాగితం మీద రాసి కవర్లో పెట్టేవాడు. మార్లిస్ తండ్రి కొలతలు తీసి, కూడి, తీసేసి, తల బద్దలు కొట్టుకుని ఒక ధర తేల్చేవాడు. కవరు విప్పగానే పెల్టన్ లేచి, "అదే ధరకు నేను చేస్తాను" అనేవాడు. డెనర్ల లెక్క తప్పదని అతనికి గట్టి నమ్మకం. పెద్దాయన ఏళ్ల తరబడి పెల్టన్‌కి అలా ఊరికే లెక్కలు కట్టిపెట్టి, చివరికి దిగులుతో పోయాడు.

ఖననం అయ్యాక చర్చి కింది హాల్లో భోజనాలు పెట్టారు. పెల్టన్ హామ్ సాండ్‌విచ్ నములుతూ, "మంచివాడే పాపం. కాకపోతే ఏటికి అవతల పుట్టాడు" అన్నాడు. పక్కనే కాఫీ పోస్తున్న మార్లిస్ విన్నది. వీడి కంపెనీని మట్టిలో కలపకపోతే నేను మా నాన్న కూతుర్నే కాదు అని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

కమిషనర్ల చైర్మన్ కవర్లు చింపాడు.

"పెల్టన్ కంపెనీ, పదకొండు లక్షల డాలర్లు. డెనర్ కంపెనీ..." కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఎనిమిది లక్షలు."

హాల్లో గుసగుసలు లేచాయి. రస్ అక్క చెవిలో, "మనకు ఏం మిగులుతుందే ఇందులో?" అన్నాడు.

"మాట్లాడకు."

"షరతులు మరోసారి చెబుతున్నా" అన్నాడు చైర్మన్. "పగిలిన రాళ్లన్నీ తీసేసి పాతవాటికి జోడైనవే పెట్టాలి. అంటే సొరెన్సన్ గని రాయే. పాత కట్టడాల సంఘం వాళ్లు ఇంకోటి ఒప్పుకోరు. సంతకం పెట్టాక వెనక్కి తగ్గితే ధరావతు పోతుంది, మళ్లీ ఈ గుమ్మం తొక్కనివ్వం. గార్త్, నీ మాటేంటి?"

పెల్టన్ తీరిగ్గా లేవబోయాడు. అతనికంటే ముందు మార్లిస్ లేచింది.

"గార్త్ గారూ, ఈ ఒక్కటి వదిలెయ్యండి."

పెల్టన్ ఆమెవైపు తిరిగాడు.

"ఇన్నేళ్లూ అన్నీ మీరే తీసుకున్నారు. ఒక్కదానికీ నేను నోరెత్తలేదు. ఇది మాత్రం నాకు వదిలెయ్యండి." ఆమె కోటు చేత్తో కళ్లు తుడుచుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎవర్నీ ఏదీ అడగని మనిషి. రస్ సిగ్గుతో తల వంచుకున్నాడు.

పెల్టన్‌కి పండగలా ఉంది. "ఏడుపుకి ఎంత తగ్గించాలో టెండర్లో రాయలేదమ్మా" అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వులు. "ఓ పని చెయ్యి. ఏటికి ఇవతల ఏదన్నా కొనుక్కుని రా. అప్పుడు మాట్లాడుకుందాం."

"కావాలంటే వారం గడువుంది గార్త్, లెక్క చూసుకో" అన్నాడు చైర్మన్.

"డెనర్ల లెక్క నేను చూడ్డమేంటి, నవ్విపోతారు. అదే ధరకు నేను చేస్తాను. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పు."

పెట్టేశాడు. పోతూ పోతూ మార్లిస్ భుజం తట్టి, "లెక్క బాగా కట్టావ్. అంతా మీ నాన్న పోలికే" అన్నాడు.

బయట మెట్ల మీద రస్ ఇక ఉండబట్టలేకపోయాడు. "వాడి కాళ్లు పట్టుకున్నంత పని చేశావ్. నాన్న ఉంటే ఏమయ్యేవాడు?"

"ఆకలేస్తోంది. పద, ఏదన్నా తిందాం."

ఎదురుగా ఉన్న హోటల్లో రస్ కాఫీ కూడా తాగలేకపోయాడు. మార్లిస్ మాత్రం చెర్రీ పళ్లు పెట్టి కాల్చిన 'పై' ఒక ముక్క తిని, ఇంకో ముక్క తెప్పించుకుంది. తమ్ముడు ముఖం తిప్పుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాతి ధర కనుక్కుందామని పెల్టన్ సొరెన్సన్ గనికి ఫోన్ చేస్తే, తండ్రి యార్డు తాకట్టు పెట్టి, రెండు నెలల కిందటే ముసలి సొరెన్సన్ దగ్గర ఆ గనిని గుట్టుగా కొనేసిన మార్లిస్ ఫోనెత్తి, "ఎన్ని టన్నులు కావాలి, గార్త్ గారూ?" అని అడిగింది.