రెండు వేళ్ల సందు

"ఆపెయ్! ఆపెయ్! మళ్లీ కాలిపోతోంది!"

బావ అరుపుకి బామ్మర్ది ఇంజిన్ ఆపేసి కిందికి దూకాడు. ఇద్దరూ కలిసి షెడ్డులో సొంత చేతులతో కట్టుకున్న బుల్లి విమానం అది. సెలవులన్నీ దానికే ధారపోశారు. తొలిసారి ఎగరేసేది నువ్వేనని బావ మాట కూడా ఇచ్చాడు. తీరా ఇవాళ నేల మీద కాస్త పరిగెత్తించేసరికే ఇంజిన్ పెనంలా కాలుతోంది.

"గాలి లోపలికి పోతే కదా చల్లబడేది! ఆ గాలి మూతి బిగించింది నువ్వేగా?"

"నేనే. విమానం ఒంటిని రాసుకుంటూ పోయేది బద్ధకపు గాలి బావా, దాంతో ఇంజిన్ చల్లబడదు. అందుకే మూతిని ఒంటికి అంటించకుండా రెండు వేళ్ల సందు వదిలాను. చచ్చుగాలి ఆ సందులోంచి పోతుంది, జోరుగాలి మూతిలోకి వస్తుంది."

"ఏదీ సందు? చూపించు!"

బామ్మర్ది వంగి తడిమి చూశాడు. వేలు దూరలేదు. మూతీ విమానం ఒళ్లూ నున్నగా ఏకమైపోయి, కొత్త ఎర్రరంగుతో తళతళలాడుతున్నాయి.

"నేను ఊరెళ్లేముందు ఉంది బావా! అందానికని నువ్వే పూడ్చుంటావు."

"నేను ముట్టుకుంటే ఒట్టు! నీ పనెప్పుడూ ఇంతే. మొన్న తలుపూ సరిగ్గా అతకలేదు. మర్చిపోయానంటే సరిపోయేది, పైగా అబద్ధమా? నిన్ను నమ్మి విమానం నీ చేతికెలా ఇవ్వను? నడు! మళ్లీ ఈ షెడ్డు గడప తొక్కకు."

చేతకానివాడన్నా పడేవాడు గానీ అబద్ధాలకోరంటే ఎలా! టూల్‌బాక్సు ఎత్తుకుని గేటు దాకా వచ్చాడు. ఒళ్లు మండిపోతోంది. తనే పూడ్చి, తనే ఒట్లు పెడతాడా? ఇక ఈ మనిషి మొహం చూడకూడదనుకున్నాడు.

ఇంట్లోంచి అక్క పరుగున వచ్చింది. కేకలు వినబడ్డాయే గానీ సంగతేంటో ఆమెకి తెలియదు.

"ఏమైందిరా? మళ్లీ నీ పనికి వంక పెట్టాడా?"

అతను తలూపాడు. కళ్లలో నీళ్లు ఆగలేదు.

"ఎంత చేసినా ఇంతే ఈయన!" తమ్ముడి చెంపలు తుడుస్తూ అక్క గొంతు తగ్గించింది. "తలుపు అతకలేదనే అంత రభస చేశాడు కదా, ఆ గాలి మూతి దగ్గర నువ్వు వదిలేసిన సందు కూడా కంటబడితే నిన్ను బతకనివ్వడని, రంగేసేటప్పుడు నేనే లప్పం పెట్టి పూడ్చేశాను రా!"