మూడో చిల్లు

మేనేజరు విచారణాధికారి బల్ల మీద కాగితపు టేపు పరిచాడు.

వేలెడు వెడల్పు. నిండా చిల్లులే.

"బాయిలర్ పేలిన రోజుదండీ. నిమిషానికో వరుస, కంప్యూటరే కొట్టింది. ఆవిరి ఒత్తిడి నూట యాభై దాటకూడదు. చివర్లో చూడండి, నూట తొంభై ఆరు. ఆపరేటరు కునుకు తీశాడు."

ఆపరేటరు చేతుల కట్లు ఇంకా విప్పలేదు. ఇద్దరు చచ్చిపోయారు. రుజువైతే పోయేది ఉద్యోగం కాదు, జైలే.

కార్మికుల తరఫున నాయకుడు లేచాడు. ఫ్యాక్టరీ గేటు ముందు మైకు అక్కర్లేని మనిషి, టేపు అటూ ఇటూ తిప్పి మళ్ళీ బల్ల మీదే పెట్టేశాడు.

వెనక బెంచీ మీంచి ఓ ముసలావిడ వచ్చింది.

"ఒక్కసారి వెలుగులో పట్టుకోనివ్వండి బాబూ."

"కూర్చో అమ్మా. ఇవి పెద్ద చదువుల సంగతులు," కసిరాడు నాయకుడే.

"చూడనీ," అన్నాడు అధికారి.

ఆవిడ టేపుని కిటికీకి అడ్డంగా పట్టుకుంది.

"చిల్లుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కంప్యూటరుకి ఈ రెండు ముక్కలే వచ్చు. కుడి చివరి చోటు విలువ ఒకటి. ఎడమకి జరిగేకొద్దీ రెట్టింపు. రెండు, నాలుగు, ఎనిమిది, అలా నూట ఇరవై ఎనిమిది దాకా. చిల్లున్న చోట్లే కలుపుకోవాలి."

"నూట ఇరవై ఎనిమిది, అరవై నాలుగు, నాలుగు. నూట తొంభై ఆరే కదా," మేనేజరు నవ్వాడు. "ముసలమ్మ మా సాక్షే."

"కూడిక సరే నాయనా. చిల్లులెన్ని?"

"మూడు."

"అంకెకి ఎనిమిది చోట్లు. తొమ్మిదోది కాపలాకి. చిల్లులు బేసి వస్తే మిషను అక్కడ ఇంకోటి కొట్టి సరి చేస్తుంది. ఏ వరుసలోనూ బేసి మిగలదు. పైనుంచి లెక్కపెట్టుకోండి."

అధికారి కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కో వరుస మీదా వేలు పెట్టాడు. రెండు. నాలుగు. నాలుగు. రెండు. నాలుగు.

బేసి వచ్చింది చివరి అయిదు వరుసల్లోనే.

"పైవన్నీ నూట ముప్ఫై పైచిలుకే," అందావిడ. "ఈ అయిదింట్లో అరవై నాలుగు చోట ఎవరో తర్వాత పొడిచారు. కాపలా సంగతి మరిచారు. అది తీసేస్తే నూట ముప్ఫై రెండు."

మేనేజరు గబగబా టేపు చుట్టెయ్యబోయాడు.

నూట ముప్ఫై రెండుకే పేలిందంటే తప్పు ఆపరేటరుది కాదు. తుప్పు పట్టిన రేకులు మార్చమని అతను మొత్తుకుంటే చెవిన పెట్టనివాడిది.

కేసు అక్కడికక్కడే తిరగబడింది. ఆపరేటరు కట్లున్న చేతుల్లో మొహం దాచుకున్నాడు.

జనం తేరుకునేసరికి ఆవిడ లేదు. నాయకుడు గేటు దాకా పరుగెత్తాడు.

"ఇప్పుడెళ్ళిన పెద్దావిడ ఏ కాలేజీలో పాఠాలు చెప్పేదో తెలుసా? రేపు సభలో దండ వెయ్యాలి."

వాచ్‌మన్ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"కాలేజీయా? మీరే గుర్తుపట్టకపోతే ఎలాగన్నా. పదేళ్ళ కిందట ఇలాంటి టేపే చూపించి జైలుకి పంపితే అక్కడే పోయాడే పాత ఆపరేటరు, ఆయన భార్య. ఆ చిల్లులు చదవడం తనంతట తనే నేర్చుకుని, ఒక్కసారి చూడమని మీ యూనియన్ ఆఫీసు గుమ్మంలో మూడ్రోజులు కూర్చుంది."