పసుపు టీషర్టులు

“మొద్దూ, నేనేరా!” అంది కోడలు, గోడకు అతుక్కుపోయి.

మొద్దు వినలేదు. రోజూ ఆమె చేతిలోది తిని, ఆమె పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోయే కుక్క, ఇప్పుడు మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, పళ్ళన్నీ బయటపెట్టి గుర్రుమంటోంది. ఆమెకూ తలుపుకూ మధ్యన నిలబడింది.

ఆమె చేసిన తప్పల్లా, తను అచ్చేసిన టీషర్టు ఎలా ఉందో చూద్దామని చుడీదారు మీద తొడుక్కోవడమే. మూడు రోజులు కూర్చుని, ప్లాస్టిక్ అట్టలో కుక్క బొమ్మనూ ‘కాపలా కుక్కల శిక్షణ’ అన్న అక్షరాలనూ కత్తిరించి, స్పాంజితో రంగు అద్ది, ఆరాక పైన గుడ్డ వేసి ఇస్త్రీ చేసి, నలభై తయారుచేసింది. వచ్చినవాళ్ళకు పంచడానికి ముప్పై తొమ్మిదింటిని పొద్దున్నే భర్త బండి మీద వేసుకుని బడి మైదానానికి వెళ్ళాడు. ఇవాళే అతని కుక్కల శిక్షణ కేంద్రానికి ప్రారంభం.

“అత్తయ్యా!”

“ఏంటే ఆ గోల? దాని తోక గానీ తొక్కావా?” వంటింట్లోంచి అత్తగారి గొంతు.

“తొక్కలేదు. తినేసేలా ఉంది, రండి!”

“నీలో తినడానికేముందే, ఎముకలు తప్ప!” అంటూ వచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. “కదలకు. మొద్దూ, కూర్చో!”

మొద్దు కూర్చోలేదు. ఒక అడుగు ముందుకేసింది.

కోడలి చెయ్యి ఇస్త్రీపెట్టె వైపు కాస్త జరిగింది. మొద్దు ఒక్క అరుపు అరిచింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“ఆ చొక్కా ఎక్కడిదే?” అత్తగారి గొంతు మారిపోయింది.

“కొట్టుగదిలో మూటలోదండీ. ఊరికే పడున్నాయి కదా, మళ్ళీ కొత్తవి కొనడమెందుకని...”

“నీ పొదుపు పాడుగాను! అవి చిన్నాడివే!”

చిన్నాడంటే మరిది. శిక్షణలో దొంగ వేషం వాడిదే. లోపల మందపాటి కోటు వేసుకుని, పైన పసుపు టీషర్టు తగిలించుకుని గోడ దూకుతాడు. కుక్కలు మీదపడి చింపేస్తాయి. వారానికి రెండు చిరుగుతాయని ఒకే రంగువి మూటగా కొనిపెట్టారు. చూసి చూసి, ఇంట్లో ఎవరికీ అదొక రంగన్న ధ్యాసే లేకుండా పోయింది. కుక్కలకు మాత్రం ఉంది. బల్ల మీద ఉన్నన్నాళ్ళూ అది గుడ్డ. మనిషి ఒంటి మీదికి ఎక్కగానే దొంగ.

“విప్పెయ్. మెల్లగా.”

విప్పుతుంటే మెడపట్టీ తలకు అడ్డం పడింది. కళ్ళ ముందు పసుపు తప్ప మరేమీ లేదు. మణికట్టు మీద వేడి ఊపిరి తగిలింది. ఆమె ఒక్క గుంజు గుంజి విసిరేసింది.

మొద్దు దాని మీద దూకింది. క్షణంలో పీలికలు చేసింది. తర్వాత ఒక పీలిక నోట కరుచుకుని, తోకాడిస్తూ వచ్చి ఆమె పాదాలు నాకింది.

కోడలు దాని తల నిమరబోయి ఆగింది. అప్పుడు తట్టింది.

“అత్తయ్యా... మిగతా ముప్పై తొమ్మిది?”

అత్తగారు గడియారం వైపు చూసింది. మైదానంలో మొద్దులా శిక్షణ పొందిన కుక్కలు అయిదున్నాయి. చూడ్డానికి పిల్లలు కూడా వస్తారు. పదింటికి వాటిని వదులుతానన్నాడు భర్త. గడియారంలో పది దాటి అయిదు నిమిషాలైంది.

కోడలు భర్తకు ఫోను చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాడు. అవతల ఒకటే కేకలు.

“ఏమండీ! ఆ టీషర్టులు ఎవరికీ ఇవ్వకండి!”

“ఇచ్చేశాను. అందరూ తొడుక్కున్నారు.”

“అయితే కుక్కల్ని వదలకండి! మీకు దణ్ణం పెడతా!”

“వదిలేశాను.”

అత్తగారు చెప్పుల కోసం వీధి గుమ్మంలోకి పరిగెత్తింది. కోడలు ఫోను చెవికి మరింత అదుముకుంది.

“ఎంతమందిని... కరిచాయండీ?”

“కరవడం కూడానా! ఒక్క దొంగొస్తే పట్టుకోమనే కదా నేను నేర్పింది. అంతమంది దొంగల్ని ఒకేసారి చూసేసరికి, అయిదూ వచ్చి నా కాళ్ళ సందున దూరాయి!”