కనిపెట్టుకుని ఉండండి

ఖమర్ సుల్తానాకి జబ్బేమీ లేదని అరుంధతికి మొదటి వారంలోనే అనుమానం వచ్చింది.

జబ్బుమనిషి ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఏలూరులో మంచాన పడ్డ భర్తకి ఎనిమిదేళ్ళు చాకిరీ చేసింది. ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది, అన్నం మెత్తగా పిసికి నోట్లో పెట్టింది. ఆయన పోయాక కొడుకు జయంత్ వచ్చి దోహా తీసుకొచ్చేశాడు.

అల్ మన్సూరాలో రెండో అంతస్తు ఫ్లాట్. లిఫ్ట్ లేదు. జయంత్‌కి ఊరికి దూరంగా రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఉద్యోగం, వారాంతపు సెలవుకి గురువారం సాయంత్రానికి గాని ఇల్లు చేరడు. కోడలు ప్రతిమ స్కూల్లో టీచరు. పగలంతా ఏసీ హోరు తప్ప ఇంట్లో మాటంటూ వినపడదు. అరుంధతి గోడవైపు తిరిగి పడుకునేది. ఆకలి లేదనేది. షుగర్ మాత్రలు గుర్తుంటే వేసుకునేది, లేకపోతే లేదు. ఎవరైనా సాయానికొస్తే, "నా పని నేను చేసుకోలేననుకున్నారా?" అని కసిరేది.

అలాంటి రోజుల్లో ప్రతిమ ఈ మనిషిని వెంటబెట్టుకొచ్చింది.

"మా స్కూల్లో టీచరు వాళ్ళ అక్కగారు అత్తయ్యా. హైదరాబాద్ వాళ్ళు. గుండె నీరసమట. పగలు ఒంటరిగా వదలొద్దన్నారట డాక్టర్లు. సాయంత్రం ఇంటికెళ్ళిపోతుంది. కాస్త కనిపెట్టుకుని ఉండండి."

జబ్బుమనిషంటే అరుంధతికి కాదనడానికి నోరు రాలేదు. లేచి జడ వేసుకుని, రాగిజావ కాచింది.

ఖమర్‌కి యాభై ఏళ్ళుంటాయి. నిండైన మనిషి. అడగడానికి మొహమాటం లేదు.

"ఒక్కదాన్నే తింటే నాకు లోపలికి పోదక్కా. మీరు గూడ కూసోండి" అనేది. కూర్చోక తప్పేది కాదు.

"గోలీ అంటే నాకు భయమక్కా. ముందు మీరేసుకోండి, చూసి నేనేసుకుంటా" అనేది. షుగర్ మాత్ర వేసుకోక తప్పేది కాదు.

"డాక్టర్ జర నడవమన్నడు. ఒక్కదాన్నే పోతే పడిపోతా" అనేది. ఎండ ముదరకముందే ఆవిణ్ణి పట్టుకుని కింద వీధి చివరిదాకా నడిపించుకు రావలసి వచ్చేది.

ఇంతా చేసి, ఆవిడ ముద్ద మీద ముద్ద ఎత్తేది. మెట్లెక్కితే అరుంధతికే గాని ఆవిడకి ఆయాసం లేదు. ఓరోజు తన గోలీ మింగినట్టే మింగి, చాటుగా సింకులో ఊసేయడం అరుంధతి కళ్ళారా చూసింది.

'తేరగా తిండి దొరుకుతోందని నాటకమా?' అనుకుంది. కానీ తిండికోసం వచ్చినదానికి ఆ మిగతా పనులేమిటి?

"చక్కర్ వస్తుందక్కా" అంటూ అరుంధతి మణికట్టు పట్టుకునేది. తల తిరిగేవాళ్ళు కళ్ళు మూసుకుంటారు. ఈవిడ గోడ గడియారం కేసి చూస్తూ పెదాలు కదిపేది. మంత్రమేదో చదువుతున్నట్టు.

ఓ మధ్యాహ్నం కునుకులోంచి మెలకువ వచ్చేసరికి ఖమర్ మంచం చివర వంగి ఉంది. అరుంధతి పాదాలని, కాలివేళ్ళ సందుల్ని పరికించి చూస్తోంది. అరుంధతి కాళ్ళు ముడుచుకుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

శుక్ర, శనివారాలు ఖమర్ రాదు. చిత్రంగా ఆ రెండు రోజులూ అరుంధతికి పొద్దు గడిచేది కాదు. అనుమానించడానికైనా ఇంకో మనిషి ఉండాలి కదా.

ఓ సాయంత్రం వీధి గుమ్మం దగ్గర గుసగుసలు వినిపించాయి.

"మీ అత్తకి డౌట్ వచ్చింది" అంటోంది ఖమర్.

"ఇంకొన్నాళ్ళు ఎలాగో నెట్టుకురండి" అంటోంది ప్రతిమ.

అరుంధతిని చూసి ఇద్దరూ నోరు మూసుకున్నారు.

గురువారం కొడుకుతో చెప్పింది. "ఆవిడకి జబ్బూ లేదు, గిబ్బూ లేదు. పంపించెయ్యరా."

జయంత్ పెళ్ళాం మొహం కేసి చూశాడు. "కొంచెం ఓపిక పట్టమ్మా" అన్నాడు.

వీడు కూడానా! అందరూ కూడబలుక్కుని తనకేదో తలపెట్టారు. తిండిలో ఏం కలుపుతున్నారో ఏమో!

ఆదివారం పొద్దున ప్రతిమ చేసిన ఉప్మా చెత్తబుట్టలో పారేసింది. షుగర్ మాత్ర మాత్రం కొత్త అట్టలోంచి తనే తీసి వేసుకుంది. ఖమర్ రాగానే, "నా టిఫిన్ అయిపోయింది, పద నడుద్దాం" అంది.

వీధి చివర కిరాణా కొట్టు దాకా వెళ్ళారో లేదో, అరుంధతికి చెమటలు ధారకట్టాయి. చేతులు వణికాయి. ఎదురుగా ఉన్న కొట్టు బోర్డు మసకబారింది. మోకాళ్ళు కూలాయి.

ఆ తర్వాత అన్నీ ముక్కలు ముక్కలుగా తెలుస్తున్నాయి. తనని పడనివ్వకుండా పట్టుకున్న చెయ్యి. "చక్కెర! జల్దీ!" అని కొట్టువాడి మీద కేక. బుగ్గ లోపల రుద్దుతున్న వేలు. నోరంతా తీపి. ఆ వెనక ఎవరి భుజానో తల వాల్చి, పసిపిల్లలా మెట్లెక్కి పోతున్నట్టు.

పూర్తిగా తెలివి వచ్చేసరికి తన మంచం మీదే ఉంది. ఖమర్ పక్కన కూర్చుని తన మణికట్టు పట్టుకుని గడియారం చూస్తోంది. ఆయాసం లేదు, అలుపు లేదు.

అరుంధతి చెయ్యి లాక్కుంది.

"రెండంతస్తులు నన్ను మోసుకొచ్చావు. నీకు గుండె నీరసమా?"

ఖమర్ దిండు సర్ది దుప్పటి కప్పబోయింది.

"ముద్దలు మింగుతావు, మాత్రలు ఊస్తావు. నేను పడుకుంటే నా కాళ్ళు చూస్తావు. నా కొడుకునీ కోడల్నీ కూడా నీ వైపు తిప్పుకున్నావు. ఎవరు నువ్వు? ఏ జబ్బని చెప్పుకుని నా ఇంట్లో చేరావు?"

ఖమర్ సుల్తానా అరుంధతి చేతిని మళ్ళీ తన చేతిలోకి తీసుకుని, మెల్లగా అంది:

"జబ్బు మీకక్కా... నేను మీ నర్సుని."