మూడో జవాబు

"ఆ గొడుగులావిడ పేజీ సాయంత్రం ఐదింటికల్లా మూసెయ్," అంది సూపర్‌వైజరు, కనీసం కూర్చోకుండానే.

ఫిర్యాదుల గుమాస్తా చెవులకున్న హెడ్‌ఫోన్ తీశాడు. అతను చేసే పని ఒక్కటే. ఆ సోషల్ నెట్‌వర్కులో జనం ఒకళ్ళనొకళ్ళు నోటికొచ్చినట్టు తిట్టుకుంటారు. తిట్లు తిన్నవాళ్ళు ఫిర్యాదు చేస్తారు. అతను ఆ తిట్టు తుడిచేసి, ముందే రాసిపెట్టి ఉన్న ఐదు జవాబుల్లో ఏదో ఒకటి నొక్కి పంపిస్తాడు. జవాబు కింద అతని పేరుండదు, నలభై ఏడు అనే నంబరు మాత్రం ఉంటుంది.

"తిట్టేవాళ్ళను వదిలేసి, తిట్లు తినే మనిషి పేజీ మూయడమేంటి మేడమ్? అత్త మీద కోపం దుత్త మీదా?"

"ఆవిడ ఒక్కదాని దగ్గర్నుంచే రోజుకు ముప్పై ఫిర్యాదులయ్యా! ఆవిడ ఫొటో పెట్టడం, వాళ్ళు బురద చల్లడం, నువ్వు కూర్చుని కడగడం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"ఒక్కసారి ఫోన్ చేసి మాట్లాడనివ్వండి."

"మాట్లాడు. ఐదంటే మాత్రం ఐదే," అని వెళ్ళిపోయింది.

విరిగిన గొడుగులు బాగుచేసే మనిషి ఆవిడ. రోజూ పొద్దున్నే ఒక గొడుగు విప్పి, కిటికీ వెలుగులో నిలబెట్టి ఫొటో పెడుతుంది. దాని కింద ఎన్ని పాడునోళ్ళు! 'ముసలిదానా, నీ మొహానికి గొడుగొకటా' దగ్గర మొదలై, చదివితే స్నానం చెయ్యాల్సినవాటి దాకా వెళ్ళేవి. అతను పళ్ళు నూరుకుంటూ తుడిచేవాడు. నిజం చెప్పాలంటే, ఆ గొడుగు చూడందే అతనికి పొద్దు మొదలయ్యేది కాదు. ఆ హాల్లో ఇరవైమంది ఉన్నా అందరి చెవులూ మూసే ఉంటాయి. ఇంటికెళితే తలుపు తీసేదీ తనే, వేసేదీ తనే. ఈ పేజీ కూడా పోతే రేపటి నుంచి ఎదురుచూడటానికి ఏమీ మిగలదు. ఆ మాట చెబితే సూపర్‌వైజరు నవ్వుతుందని చెప్పలేదు.

మొదటి రింగు పూర్తికాకముందే ఆవిడ ఫోనెత్తింది.

"అమ్మా, నెట్‌వర్కు ఆఫీసు నుంచండీ. ఫిర్యాదుల విభాగం."

"నలభై ఏడో నంబరు బాబువా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "మీకెలా తెలిసిందండీ?"

"తక్కినవాళ్ళు 'మీ ఫిర్యాదు అందింది' అని పడేసి పోతారు. 'మీకు కలిగిన బాధకు చింతిస్తున్నాం' అనేది నువ్వొక్కడివే. ఫోన్ చేసి మాట్లాడేవాడంటూ ఉంటే అది నువ్వే అయ్యుంటావనుకున్నా."

అది మూడో జవాబు. ఐదింటిలోనూ కాస్త మెత్తగా ఉందని అతను దాన్నే నొక్కేవాడు. ఆ మాట తను రాసింది కాదని చెప్పడానికి నోరు రాలేదు.

"ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇన్ని మాటలు పడుతూ ఇంకా ఇక్కడెందుకండీ? విసిగి మానేసిన అందరిలా మీరూ ఈ నెట్‌వర్కు నుంచి బయటపడొచ్చుగా?"

"మా అక్క కూతురూ అదే అంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్నే దెప్పింది. అది వెళ్ళిపోయింది. నాతో చదువుకున్నవాళ్ళూ వెళ్ళిపోయారు. కింది వాటా టీచరమ్మ వెళ్ళిపోతూ, 'ఇక్కడ లేకపోతేనేం, ఇంటికే వస్తుంటాలే' అంది. మధ్యలో ఉన్నవి పదహారు మెట్లు బాబూ. ఇంకా రాలేదు."

గడియారం నాలుగున్నర దాటింది.

"పేజీ ఐదింటికి మూసేయమన్నారమ్మా."

"ముయ్యొద్దు బాబూ! నీకు దణ్ణం పెడతాను."

"నేను మూయనివ్వనండీ. ఒక దారుంది. ఈ తిట్టేవాళ్ళు ఎవరో, ఏ ఫోన్ల నుంచి రాస్తున్నారో మావాళ్ళు పది నిమిషాల్లో పట్టేస్తారు. ఏడెనిమిది పేర్లేగా. అందరినీ ఒక్క దెబ్బకు గెంటేస్తే ఫిర్యాదులుండవు, పేజీ మూసే పనీ ఉండదు."

"వద్దు."

"భయపడకండి. మీ పేరు బయటికి రానివ్వను."

"భయం కాదు. తిట్లు లేకపోతే నేను ఫిర్యాదు చెయ్యను. అంతేగా?"

"అంతేనండీ. హాయిగా మీ గొడుగులు మీరు పెట్టుకోవచ్చు."

"ఫిర్యాదు లేకపోతే నువ్వు రావుగా?"

ఉన్న ఐదు జవాబుల్లో దీనికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. సభ్యులతో సొంత మాటలు మాట్లాడకూడదని రూలు. రూలు ఏట్లో కలవనీ అనుకున్నాడు.

"వస్తానమ్మా. ఫిర్యాదు లేకపోయినా రోజూ వచ్చి మీ గొడుగు చూస్తాను."

"చూసి వెళ్ళిపోతే నువ్వొచ్చావని నాకెలా తెలుస్తుంది బాబూ?"

ఆ మాటకు అతనికి ఏడుపొచ్చినంత పనైంది. దాని వెనకే ఒళ్ళుమండే కోపమొచ్చింది. ఇలాంటి మనిషిని పట్టుకుని పీక్కుతింటారా?

"వాళ్ళను మాత్రం వదలనండీ. మీరు వద్దన్నా సరే, ఇప్పుడే పట్టిస్తాను," అంటూ ఆరా తీసే బటన్ మీదికి వేలు పోనిచ్చాడు.

"ఆగు బాబూ," అంది ఆవిడ. గొంతు వినపడీ వినపడనంత చిన్నదైపోయింది. "తిట్టేవాళ్ళు కూడా వెళ్ళిపోయి ఆర్నెల్లయింది. అప్పట్నుంచీ అవన్నీ రాస్తున్నది నేనే."