పొద్దు వాలాక కొండెక్కకూడదు

నూకాలమ్మ కొండ మీద ఎవరో మనిషి ఉంటున్నాడని మధ్యాహ్నానికి ఊరంతా గుప్పుమంది.

గుడి వెనక బండ చాటున పాక వేసుకున్నాడట. ఒంటి మీద నీలం కోటు. కోటు వీపున టెలిస్కోపు ఆఫీసు పేరు.

ఇంకేం కావాలి?

పిఠాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో ఏడాదిగా అదే గొడవ. కొండ మీద పెద్ద టెలిస్కోపు కడతామంది ప్రభుత్వం. ఎన్నికల ముందు వద్దన్నాయన గెలిచాక కావాలన్నాడు. కావాలన్నాయన ఓడిపోయాక వద్దన్నాడు. ఇద్దరూ ఇద్దరే.

ఊరి బాధ వేరు. వాళ్ళ బాధంతా దీపం గురించి.

గుడి పక్క బండ మీద రోజూ సందెవేళ పెద్ద దీపం వెలుగుతుంది. చేపల వేటకెళ్ళిన నావలు దాన్ని చూసుకునే, ఏరు సముద్రంలో కలిసే మొగలోకి వస్తాయి. మొగకి అటూ ఇటూ ఇసుక మేటలు. చేతిలో ఫోనున్నా సరే, దీపం చూడందే ఎవరూ మొగలోకి రారు.

ఆ దీపం అమ్మవారే వెలిగించుకుంటుందని నమ్మకం. పొద్దు వాలాక కొండెక్కకూడదు కాబట్టి, వెళ్ళి చూసినవాళ్ళు లేరు. జాతరకి ఎక్కినా గుడి ముందు నుంచే మొక్కి, ఎండ ఉండగానే దిగిపోతారు.

టెలిస్కోపుకి చీకటి కావాలి. అంటే దీపం ఆర్పేస్తారు.

వీరదుర్గకి ఆ భయం అందరికన్నా ఎక్కువ. మొగుడు బుజ్జిబాబు వేటకెళ్ళి రెండు రోజులైంది. ఆ సాయంత్రమే రావాలి. అందుకే ఇరవై మంది ఆడవాళ్ళని వెంటేసుకుని తనే ముందు కొండెక్కింది.

పాక ముందు ఓ ముసలాయన పాత పంచె ముక్కలుగా చింపుకుంటున్నాడు. వీళ్ళని చూసి లేచి నిలబడ్డాడు.

ఆ కోటు ఎవరిచ్చారని నిలదీసింది వీరదుర్గ.

"కొండ కొలవడానికొచ్చినోళ్ళు ఇచ్చారమ్మా. చలికి వణుకుతున్నానని."

ఊరికే ఎవరిస్తారని తలో మాటా అన్నారు. తన తమ్ముడు కూడా వేటకెళ్ళేవాడని ఆయన ఏదో చెప్పబోయాడు. ఇరవై నోళ్ళ ముందు ఒక్క నోరెంత? ఇప్పుడే దిగాలన్నారు.

"ఈ సందె దాటనివ్వండమ్మా. పొద్దున్నే నేనే దిగిపోతాను."

పొద్దు వాలాక ఇక్కడ మనిషి ఉండకూడదని తెలీదా అని కసిరారు.

"కాదమ్మా, దీపం..."

"దాన్ని ఆర్పడానికేగా నిన్నిక్కడ పెట్టారు," అంది వీరదుర్గ.

ఆయన సంచీ భుజాన వేసుకుని ఒక్కసారి సముద్రం వైపు చూశాడు. అందరూ కలిసి రోడ్డు దాకా తెచ్చి తుని బస్సెక్కించారు.

ఆ సందెకి దీపం వెలగలేదు.

ముసలాడు మైలపరిచాడు, అమ్మకి కోపమొచ్చిందన్నారు.

చీకట్లో దీపం కోసం వెతుకుతూ దగ్గరికొచ్చిన బుజ్జిబాబు నావ మేటకి కొట్టుకుని బోల్తా పడింది. ఇద్దరు ఈదుకుని ఒడ్డెక్కారు. కొండవైపు చూస్తూనే ఉన్నామనీ, ఏమీ కనపడలేదనీ చెప్పారు. బుజ్జిబాబు మూడో రోజున ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

వీరదుర్గ ఏడవలేదు. అన్నం పెడితే తింది. పడుకోమంటే పడుకుంది.

పన్నెండో రోజున కబురొచ్చింది, టెలిస్కోపు ఇక్కడ కట్టడం లేదని. మబ్బులు ఎక్కువట. రొయ్యల చెరువుల లైట్లకి ఆకాశం సరిగా కనపడదట. ఊరి పోరాటం ఊసే లేదు. అయినా మనమే గెలిచామని డప్పులు కొట్టారు.

వీరదుర్గ కొండెక్కింది. మైల, వెళ్ళకూడదన్నారు. వినలేదు. అన్నాళ్ళు పెట్టిన దీపం ఎందుకు మానేశావని అమ్మనే అడగాలనుకుంది.

గుడి ముందు కూర్చుంది.

కొండ అవతలి వైపు నుంచి మేకలు కాసే ఒకతను ఎక్కి వచ్చాడు. చేతిలో నిండు నూనె డబ్బా. పాకలోకి తొంగి చూశాడు, బండ చుట్టూ తిరిగి చూశాడు.

పదిహేను రోజులకోసారి తెచ్చిస్తుంటానని, పన్నెండేళ్ళుగా ఇదే వాడుకని తనలో తను అనుకుంటున్నట్టు చెప్పాడు. డబ్బా వీరదుర్గ పక్కన దింపి అడిగాడు:

"రోజూ ఇక్కడ దీపం పెట్టే పెద్దాయన ఏరమ్మా?"