లోపం మీద అడ్డగీత

నిఘంటువు ప్రూఫుల్లో ఒకచోట ఎర్రసిరా గీత చూడగానే సంపాదకుడు మొహం మాడ్చుకున్నాడు.

'ట్రాన్స్‌జెండర్' అన్న మాటకు ఆయన రాసిన అర్థం, 'పుట్టుకతోనే లోపం గల వ్యక్తి'. అందులో 'లోపం' మీద అడ్డగీత.

ప్రూఫ్‌రీడర్‌ని పిలిపించాడు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయ్. పాతికేళ్లలో ఒక్కసారీ గొంతు పెంచి ఎరగడు.

"బాబాయ్, మీ పని అచ్చుతప్పులు చూడటం. అర్థాలు దిద్దడం కాదు."

"ఇదీ తప్పేనండీ."

"ఎలాగ?"

"'ట్రాన్స్' అనేది లాటిన్ మాట. అవతలి వైపుకి అని అర్థం. దాటి వెళ్లడమండీ. లోపం ఊసు అందులో ఎక్కడా లేదు."

"మరేం రాయమంటారు?"

బాబాయ్ జేబులోంచి చీటీ తీసి ఇచ్చాడు. అప్పటికే రాసి ఉంచుకున్నాడు.

'పుట్టినప్పుడు నలుగురూ ఆడ అనో, మగ అనో చెప్పింది ఒకటి, తన మనసుకు తెలిసింది వేరొకటి అయిన మనిషి.'

"ఈ ఒక్క మాట మీద మీకెందుకింత పట్టు?"

బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరో చిన్నపిల్లలు తమ సంగతేమిటో తెలీక ఈ పేజీ తెరుస్తారనుకోండి. ఏం కనబడాలండీ వాళ్లకి?"

సంపాదకుడు చీటీ పక్కన పడేశాడు. ఆ ప్రశ్న మాత్రం వారంరోజులు ఆయన్ని వదల్లేదు. నాలుగు లావుపాటి పుస్తకాలు తిరగేశాడు. బాబాయ్ చెప్పిందే నిజం.

పేజీ ప్రెస్సుకు వెళ్లే రోజు, చీటీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడు. ఆ సంగతి బాబాయ్‌కి చెప్పడానికి మాత్రం నామోషీ అడ్డొచ్చింది.

పుస్తకం అచ్చయి వచ్చేసరికి బాబాయ్ సెలవులో ఉన్నాడు. ఒంట్లో బాగోలేదన్నారు.

మొదటి ప్రతి చంకన పెట్టుకుని సంపాదకుడే ఇంటికి వెళ్లాడు. ఒకావిడ తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

"నేను చెల్లెల్నండీ. మొన్ననే అయిపోయింది అంతా."

ఆయన గుమ్మంలోనే పుస్తకం తెరిచాడు. ఆ మాట ఉన్న పేజీ తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఇది మీ అన్నయ్య రాసిందేనమ్మా. ముందే చెప్పాల్సింది."

ఆవిడ ఆ వాక్యం కింద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

"అన్నయ్య కాదండీ, అక్క," అంది మెల్లగా. "నేనొక్కదాన్నే అలా పిలిచేదాన్ని, అదీ తలుపులు వేసుకున్నాక."